నాలుగుసార్లు చేసిన పరీక్ష

మా ల్యాబులో ఒక్కో రక్త నమూనాకి ఒక్కసారే పరీక్ష. గొట్టం మీద పేరుండదు, నంబరే. ఎవరిదో తెలిస్తే మనసు ఊరుకోదని పెట్టిన నియమం. కొత్తవాళ్లెవరైనా ఆ నియమం తప్పితే పదకొండేళ్లుగా చెడామడా తిట్టేది నేనే.

అలాంటిదాన్ని, అక్క దగ్గరున్న ఫైల్లో బావ నంబరు చూసేశాను.

బావకి రక్త క్యాన్సర్. నెమ్మదిగా వచ్చేది కాదు, ఉన్నపళంగా మీద పడే రకం. మొదటి విడత మందులకి తగ్గింది. ఇక అవే మందులు కొనసాగించాలి, లేదా ఆయన తమ్ముడి మూలకణాలు ఎక్కించాలి. రెండోది మనిషిని పిప్పి చేస్తుంది, కొందరు దానికే తట్టుకోలేరు. ఏ దారో తేల్చడానికి డాక్టరమ్మ మా పరీక్ష కోసం ఆగింది. రక్తంలో ఐదు ప్రోటీన్లు కొలిచి, మనిషి రెండేళ్లు దాటే అవకాశం ఎంతో అంకెలో చెబుతాం. అంకె బాగుంటే మందులతో సరి.

సోమవారం వచ్చిన అంకె బాగాలేదు. మెషీన్‌ని తిట్టుకుని మంగళవారం మళ్లీ చేశాను. బుధవారం రసాయనాల కొత్త డబ్బా విప్పాను. గురువారం కూడా అంకె పిసరంత కదల్లేదు. ఫలితం మాత్రం ఎవరికీ పంపలేదు.

శుక్రవారం పొద్దున్నే వార్డుకి వెళ్లాను. బావ లెక్కల మాస్టారు. జుట్టంతా రాలిపోయినా మంచం మీద కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నాడు.

"ఏమ్మా మరదలా, నా మార్కులింకా రాలేదా?"

"మళ్లీ చేస్తున్నాం బావా. మెషీన్ సరిగ్గా లేదు."

"ఎన్నిసార్లు చేశావేంటి?"

అబద్ధం నా వల్ల కాలేదు. "నాలుగుసార్లు."

ఆయన కలానికి మూత పెట్టాడు. "మంచి మార్కులొచ్చినవాడెవడూ రీకౌంటింగ్ అడగడు."

నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న తువ్వాలు నా చేతికిచ్చాడు.

"డాక్టరమ్మకి పంపించెయ్యి," అన్నాడు తర్వాత. "తమ్ముడు సోమవారం నుంచీ బయట కుర్చీలోనే ఉన్నాడు. నాకున్న రోజులే తక్కువని తేలింది. అందులో నాలుగు నువ్వే తినేస్తే ఎలాగమ్మా?"

నవ్వుతూనే అన్నాడు. నేను అక్కడే నిలబడి ఫోన్లో అంకె పంపించాను.