సగం డాక్టరు

మా వీధిలో వాళ్ళని సగం డాక్టర్లంటారు. డాక్టరుకి సహాయంగా ఉండే చదువు చదువుతున్నవాళ్ళు. డాక్టర్లు రాని మాలాంటి చోట్ల పనిచేయడానికేనట ఆ చదువు. వస్తారు, మా ఒంటి మీద అక్షరాలు దిద్దుకుంటారు, చెయ్యి తిరగ్గానే పట్నం వెళ్ళిపోతారు. నేను కడుపుతో ఉన్నప్పుడు చూసినామె కాన్పు నాటికి లేదు. ఆమె బదులు వచ్చినతను నన్ను అన్నీ మొదటి నుంచి అడిగాడు, నొప్పులు పడుతుంటే.

అందుకే దగ్గుతో రొప్పుతున్న పాపని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళిన రోజు, బల్ల దగ్గర మళ్ళీ కొత్త ముఖం, ఎవరో చదువుకునే పిల్ల, కనబడేసరికి ఒళ్ళు మండింది.

"పెద్ద మేడం లేదా?"

"లోపల ఎవరికో కుట్లు వేస్తున్నారక్కా. ముందు నేను చూసి ఆవిడకి చెబుతాను."

"ఎవరికి అక్కని? నీ చేతికి ఇవ్వను."

వెంట వచ్చిన మా అత్త నా మోచెయ్యి గిల్లింది. "ఇవ్వవే. ఇంటికెళ్ళి ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చుందామా?"

ఇచ్చాను. చల్లటి స్టెతస్కోపు తగలగానే పాప గుక్కపట్టింది. ఆ ఏడుపులోనే ఆ పిల్ల వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టి, లోపలికెళ్ళి చెప్పింది. తెర వెనక మేడం గొంతు లేచింది.

"ఏడుస్తుంటే లెక్కపెట్టావా? అప్పుడు ఎవరికైనా ఊపిరి పరిగెత్తదూ? పాలు పట్టించి, ఊరుకున్నాక మళ్ళీ చూడు."

"విన్నారా అత్తయ్యా," అన్నాను, గదంతా వినబడేలా. "ఇదీ మన డాక్టరు."

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. తిరిగొచ్చి నా ముందు నేల మీద కూర్చుని, పాప గౌను పైకెత్తి పొట్ట మీద చూపు నిలిపింది. పాప రెండు గుక్కలు తాగి వదిలేసి, నోరు తెరిచి ఎగపీల్చింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. రాత్రి నుంచీ ఇంతే. పంతమంది మా అత్త. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు ఏడుపు లేదు. అయినా ఊపిరి తీసినప్పుడల్లా డొక్కల కింద చర్మం లోపలికి పోతోంది.

పోయిన వస్తువు దొరికినట్టు ఆ పిల్ల ముఖం వెలిగింది. "మేడం, గుంట పడుతోంది. నాకు కనబడింది."

"నవ్వుతున్నావా?" అన్నాను.

"కాదండీ... ఇన్నాళ్ళూ పుస్తకంలో చూడ్డమే గానీ..."

"నీకది పుస్తకం. నాకున్నది ఇదొక్కతే."

మేడం బయటికొచ్చి ఒక్క చూపు చూసి బండి తీయమంది. "ఊపిరితిత్తులకి నిమ్ము పట్టింది. పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దారిలో ఆక్సిజన్ పెట్టి ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కుట్లు సగంలో వదిలి నేను రాలేను, ఈ అమ్మాయి వస్తుంది."

"ఈమేనా?"

"గుంట కనిపెట్టింది ఈమేగా."

బండిలో నలుగురికి చోటు లేక అత్త ఉండిపోయింది. ఆ పిల్ల పాప ముక్కు మీద మాస్కు పట్టుకుంది. ఆ పిల్ల చూపు కిటికీ వైపు తిరిగినప్పుడల్లా "ఇక్కడ" అన్నాను.

"చూస్తున్నానండీ."

"చూడు."

పెద్దాసుపత్రి డాక్టరు సంగతేమిటని అడిగితే ఆ పిల్లే గబగబా చెప్పింది. పొద్దున్నుంచి పాలు సరిగా తాగడం లేదంది.

"రాత్రి నుంచి," అన్నాను.

"రాత్రి నుంచి," అని దిద్దుకుంది.

పాపని లోపలికి తీసుకెళ్ళి తలుపులు వేసుకున్నారు. ఆ పిల్ల చేతులు నలుపుకుంది. "బండి వెనక్కి వెళ్తోందట. నేను వెళ్ళనా?"

"బిడ్డ సంగతి తేలకుండా కదిలావంటే ఊరుకోను."

బండి వెళ్ళిపోయింది. ఆ పిల్ల బెంచీ ఆ చివర, నేను ఈ చివర. మంచినీళ్ళు తెచ్చిచ్చింది, తాగలేదు. పొద్దు వాలాక నర్సు వచ్చి, పాప కుదుటపడింది, పాలకి వెతుక్కుంటోంది, రమ్మంది. ఇద్దరం ఒక్కసారే లేచాం.

"నువ్వెక్కడికి? కూర్చో," అన్నాను. "ఎంత తాగిందో వచ్చి చెబుతాను. మీ మేడంకి అదీ చెప్పాలిగా. ఈసారైనా సరిగ్గా చెప్పు."