గాలి తగలని గది

ప్రమీల రిపోర్టు చూసి, "మీ ఇల్లు మంచిగుంది పెద్దమ్మా, రేడాన్ తక్కువొచ్చింది" అనగానే హేమ్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. మంచి మాట వింటే సంతోషపడాలి గానీ, ఇదేం చోద్యం!

ఏ ముఖం పెట్టుకుని సంతోషపడుతుంది? సర్వే పని మీద చండ్రుగొండ నుంచి వచ్చిన ప్రమీల, నేలలోంచి లేచే ఆ వాయువును పట్టే డబ్బా ఒకటి లోపలి గదిలో, హేమ్లి మొగుడు రూప్‌సింగ్ మంచం పైన కట్టి వెళ్ళింది. పక్షవాతంతో కుడి పక్క పడిపోయిన మనిషి నెత్తిన విషం పట్టే డబ్బానా? ఆమె బండి తండా దాటకముందే హేమ్లి దాన్ని విప్పి వసారాలో కట్టేసింది. మూడు నెలలకు ప్రమీల తిరిగొచ్చే వేళకు మళ్ళీ లోపల తగిలించి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. ప్రమీల దాన్ని పరీక్షకు తీసుకెళ్ళి, ఇవాళ ఆ రిపోర్టు తెచ్చింది. ఇక ఆ గదంటారా, మొగుడికి గాలి సోకకూడదని ఉన్న ఒక్క కిటికీనీ మట్టీ పేడా కలిపి మెత్తేసి ఏడాదైంది.

ప్రమీల బండి ఎక్కబోతోంది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే మనిషే పోతాడేమో.

"ఆగు బిడ్డా! ఆ డబ్బా లోపల లేకుండె. నేనే వసారల కట్టిన."

ప్రమీల తల పట్టుకుంది. "ఎంత పని చేసినవ్! గీ రిపోర్టు వసారది. గాలాడని గదిల అది పేరుకుంటది, లోపల ఎంతుందో ఎవరికెరుక?"

"ఎక్కువుంటే మళ్ల పడిపోతడా?"

"ఊపిరితిత్తులకైతే చేటే. గుండెకు, పక్షవాతానికి గూడ సంబంధముందని అంటున్నరు, ఇంకా పక్కాగ తేల్లే. డబ్బా మళ్ల కడ్త. అప్పటిదాంక ఆ కిటికీ తెరువు."

"గాలి తగిల్తే పాణం పోతది!"

"గాలితోని పక్షవాతం రాదు. బీపీతోని వచ్చింది. దవాఖానల చెప్పలే?"

చెప్పారు. ఈమె వింటేనా! హేమ్లికి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఏడాదిగా కాపాడుతున్నానా, చేజేతులా చంపుతున్నానా? ఆ సంగతి తెలియకపోవడమే ఆమెకు భరించరానిదైంది.

గడ్డపార తెచ్చి, ప్రమీల వెంట రాగా లోపలి గది కిటికీని పొడిచింది. మట్టి పెళ్ళలుగా రాలింది. వెలుతురు పడి రూప్‌సింగ్ కళ్ళు చికిలించాడు. రెక్కలు తెరుచుకోగానే చలిగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది.

హేమ్లి గడ్డపార పడేసి ఒక్క ఉదుటున మంచమెక్కింది. కిటికీకి వీపు పెట్టి మొగుడికి అడ్డంగా కూర్చుంది.

"జరుగు పెద్దమ్మా, గాలి రానియ్యి" అంది ప్రమీల.

"రానియ్యి బిడ్డా. ముందుగాల నాకు తగలనియ్యి."