ఉడత కాలి కట్టు

మా అమ్మాయిని వీధంతా ఉడత అంటారు. ఆ పేరు నిలబెట్టుకోవాలని కాబోలు, ప్రహరీ గోడెక్కి, అక్కణ్ణించి పడి కాలు విరగ్గొట్టుకుంది.

పెద్దాసుపత్రిలో కట్టు ఉచితంగానే వేశారు. ఉచితమన్న మాటే గానీ, ఆటోలకీ మందులకీ పోయింది పోగా, పరామర్శకు వచ్చినవాళ్ల టీలకు ఇంట్లో పాలూ పంచదారా చాల్లేదు. ప్రతివాళ్లూ టీ తాగి, పిల్లని కనిపెట్టుకుని ఉండొద్దా అని నాకు బుద్ధి చెప్పి వెళ్లారు. లారీ తోలే మా ఆయన ఫోన్లో అదే మాట అన్నాడు. ఆయనకి టీ ఖర్చయినా లేదు.

నేను బేకరీలో పిండి కలుపుతాను. వెళ్లని రోజుకి కూలి లేదు. రెండు రోజులు మానేసరికి ఓనరు కబురు పెట్టాడు, రేపు రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటానని. ఆ పని పోతే మా ఇల్లు గడవడం గాల్లో దీపమే. ఉడతని చంకనేసుకుని వెళ్లి, కౌంటర్ పక్కన మైదా బస్తా మీద కూర్చోబెట్టాను. ఆయన ఆముదం తాగినట్టు ముఖం పెట్టాడు.

కొనడానికి వచ్చినవాళ్లు ఏమైందని అడక్కుండా ఉంటారా? ఉడత ఒకరికి చెప్పిన కథ ఇంకొకరికి చెప్పలేదు. ఒకసారి దొంగని తరిమింది, ఇంకోసారి పిల్లికూనని కాపాడింది. వింటున్నవాళ్ల చేతులు ఊరుకోక ఇంకో బిస్కెట్ల ప్యాకెట్ తీసుకునేవి. వారం తిరిగేసరికి బస్తా పోయి కుర్చీ వచ్చింది, ఫ్యాను కుర్చీ వైపు తిరిగింది. పొయ్యి దగ్గర ఉడికేది మాత్రం నేనే.

కట్టు విప్పిన రోజు, పుల్లలా సన్నబడిన కాలు చూసుకుని అది ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. మర్నాడు మెల్లగా నడిపించుకుంటూ పనికి తీసుకెళ్లాను. బోసి కాలు చూసి ఓనరు గతుక్కుమన్నాడు. నేను పిండి కలిపి పక్కన పెట్టేదాకా ఆగి, నన్ను పిలిచి, ఇంకో నెల ఉత్తుత్తి కట్టు కట్టి కూర్చోబెడితే కూలి పెంచుతానన్నాడు. బడి సంగతేమిటని నేనడిగితే, బడి ఎక్కడికీ పోదన్నాడు. తనకి మనుషుల కొదవ లేదని కూడా గుర్తుచేశాడు.

ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది, అబద్ధమెందుకు.

"రేపట్నించి దాన్ని బళ్లో దింపి వస్తా సార్. పిండి కలపడానికైతే నేనొస్తా. కట్టే కావాలంటే మీ కాలికి కట్టించుకోండి."

ఆయన తన కాలు చూసుకున్నాడు. తర్వాత లోపల తొట్టిలో పొంగి అంచు దాటుతున్న పిండిని చూశాడు.

"వెళ్లమ్మా, పిండి పొర్లిపోతోంది" అన్నాడు.