వంతెన కట్టిన పెద్దమనిషి

రియాద్‌లోని సులై ప్రాంతంలో రామప్రసాద్ గారంటే తెలుగువాళ్లలో పెద్ద పేరు. ఉత్త చేతులతో వచ్చి, ఇప్పుడు నలభై మందికి పని చూపిస్తున్నారు. ఆ నలభై పాస్‌పోర్టులూ ఆయన బీరువాలోనే ఉంటాయి. అడిగితే "భద్రం కోసమేగా" అంటారు. పాఠకులారా, ఆ మాట విని మనమూ తలూపినవాళ్లమే.

గురువారం వెల్డర్ దావూద్ వచ్చి నిలబడ్డాడు.

"సార్, మా పాప ఆసిఫాకు శనివారం పొద్దున కడపలో ఆపరేషన్ సార్. పాస్‌పోర్టు ఇస్తే ఈ పొద్దే పోతా."

"రేపే కదయ్యా తెలుగు సంఘం ఎన్నిక, నేను అధ్యక్షుడిగా నిలబడింది! మన కూలీల క్యాంపు వాళ్లందర్నీ బస్సెక్కించేది నువ్వేగా. అదయ్యాక చూద్దాంలే."

మర్నాడు సాయంత్రం ఎన్నిక సభలో రామప్రసాద్ కూతురు వర్ష ప్రసంగించింది. పాత కాలపు అమెరికాలో ఎలైజా ప్రిచెట్ అనే వ్యాపారి గురించి బడికోసం రాసుకున్న వ్యాసం అది. అడవి కొట్టి దుకాణం పెట్టాడు, నదిపై వంతెన కట్టించాడు, ఊరికి మేయరయ్యాడు. మొదటి పేజీ చదివి, అచ్చం తన కథే అని మురిసిపోయి, రామప్రసాదే ఆమెను వేదిక ఎక్కించారు.

రెండో పేజీ ఆయన చదవలేదు.

"వంతెన పూర్తయ్యేదాకా కూలీలు వెళ్లిపోకూడదని, రోజూ పని దిగగానే వాళ్ల బూట్లు గదిలో పెట్టి తాళం వేసేవాడు. ఒక కూలీ కూతురి చావుకబురు విని వట్టికాళ్లతో మంచులో నడిచాడు. ఇలాంటివాణ్ణి మేయర్‌గా ఎలా ఎన్నుకున్నారో నాకు అర్థం కాలేదు."

ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. వెనక కూర్చున్న నలభై మందీ కొట్టలేదు. ఆయననే చూస్తున్నారు. కన్నకూతురి ముందు తలెత్తలేక, సిగ్గుతో చచ్చిపోయారు రామప్రసాద్. పోటీ నుంచి తప్పుకుంటున్నానని చెప్పి, ఇంటికి పరుగెత్తి పాస్‌పోర్టులన్నీ సంచిలో వేసుకుని క్యాంపుకు వెళ్లారు.

దావూద్ తన పాస్‌పోర్టు అందుకుని గోడ గడియారం వంక చూశాడు.

"ఇప్పుడు బయలుదేరినా అందుకోలేను సార్. ఆపరేషనుకు లోపలికి తీస్కపోయేటప్పుడు ఎవురి చెయ్యి పట్టుకోవాలని పాప అడగతాంది."

"తప్పయిపోయింది, దావూద్. పారిపోతారేమోనని..."

"మిమ్మల్ని నమ్మి ఇంత దూరం వచ్చినాం సార్. మీరు మమ్మల్ని ఒక్క పొద్దన్నా నమ్మకపోతిరి."

సాటి మనిషి ఇంటిదారికి తాళం వేసినవాడు ఎంత సంపాదించినా, ఎన్ని పదవులెక్కినా పెద్దమనిషి కాడని రామప్రసాద్‌కు అప్పుడు తెలిసింది.