భుజం మీద రొట్టె

పెళ్లయి ఇరవై మూడు రోజులు. తలుపు గంట పక్కన మా ఇద్దరి పేర్లూ చెక్కిన ఇత్తడి పలకను రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాను. మా ఆయన మికీల్ నవ్వుతాడు. నవ్వనీ. వాలెట్టాలో మెట్ల వీధి, మూడో అంతస్తు, సముద్రం వైపు ఆకుపచ్చ కొయ్య బాల్కనీ. ఇదంతా నాదే అని పొద్దున్నే గుర్తొస్తే మంచం మీదే గంతులేయాలనిపిస్తుంది.

ఫిబ్రవరి పదిన పునీత పౌలు పండగ. ఊరేగింపు మా బాల్కనీ కిందుగానే వెళ్తుంది కాబట్టి, పైనుంచి చల్లడానికి నా డిగ్రీ నోట్సంతా కత్తెరతో ముక్కలు చేశాను. మూడు సంచులు నిండాయి. నా జీవశాస్త్రం ఇన్నాళ్లకు పనికొచ్చింది.

ఈసారి పండగ మా ఇంటికి ఉత్సవం మాత్రమే కాదు, పరీక్ష కూడా. విగ్రహాన్ని మోసే కర్రల్లో ముందు కుడి కర్ర ముప్పై ఒక్క ఏళ్లు మా మామగారు జారెన్‌ది. నవంబరులో ఆయన పోయారు. ఆ చోటు మికీల్‌కి దక్కాలి. మోతగాళ్ల పెద్ద చెన్సు ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"ఒరేయ్ అద్దాల డాక్టరూ, ఈ ఒక్క ఏడు చూస్తాను. పండగ మర్నాడు మధ్యాహ్నం అందరితో పాటు చొక్కా విప్పాలి. రొట్టె కనబడిందా, చోటు నీది. లేదంటే వెళ్లి కళ్లజోళ్లు తుడుచుకో."

రొట్టె అంటే బరువు మోసిన భుజం మీద లేచే వాపు. అది లేదంటే కర్ర కింద ఊరికే నడిచావనీ, నీ బరువు మిగతావాళ్లు మోశారనీ అర్థం. అలాంటివాడిని మళ్లీ పిలవరు.

మికీల్ కళ్లద్దాల డాక్టరు, సన్నగా ఉంటాడు. చిన్నప్పటి నుంచీ వాడి చేతిలో ఏదీ ఉండనివ్వలేదు మామగారు. బడి సంచీ, నీళ్ల డబ్బా, ఏది కనబడినా "ఇటివ్వు, పడేస్తావ్" అని లాగేసుకునేవారు. నిశ్చితార్థమప్పుడు నా పుస్తకాల పెట్టెలు నాలుగూ ఆయనే పైకి చేర్చారు. అడ్డుపడబోతే నాకూ అదే మాట. "ఇటివ్వమ్మా."

ఆయన పోయారు గానీ పూర్తిగా వెళ్లలేదు. మా కింది అంతస్తులో అత్తయ్య జూజా ఉంటుంది. రోజూ సాయంత్రం ఆయన కుర్చీ కిర్రుమంటుందట. అప్పుడు చిన్న గ్లాసులో సోంపు సారా పోసి దాని ముందు పెడుతుంది. "చచ్చినా అలవాటు మానలేదే మీ మామ" అంటుంది, కూర మాడిందని చెప్పినంత మామూలుగా. మెట్ల మీద నాకూ ఆ సోంపు వాసన తగిలేది. గబగబా ఎక్కేసి, తలుపేసుకుని, మికీల్ వీపుకి ముక్కు ఆనించేదాన్ని.

పండగ రోజు సాయంత్రం చినుకులు పడి ఆగాయి. బ్యాండు మోగుతోంది. అత్తయ్యా నేనూ బాల్కనీలో మోచేతులతో తోసుకుంటున్నాం.

"అంత గుప్పెడు ఒక్కసారే వేస్తావేంటే, దుబారా పిల్లా! పౌలయ్య ఇంకా మలుపు తిరగలేదు."

"ఇంకో రెండు సంచులున్నాయి అత్తయ్యా!"

విగ్రహం మలుపు తిరిగింది. నా నోట్సు మంచులా రాలుతోంది. మలుపులో మికీల్ తల కనిపించి గట్టిగా కేకేశాను. ఆ కేక సగంలో ఆగిపోయింది.

మిగతా వాళ్ల కర్రలు భుజాల్లోకి దిగబడి ఉన్నాయి. మికీల్ కర్ర దిగలేదు. వాడి భుజానికీ కర్రకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. ఆ సందులో కాగితం ముక్కలు వాలి, నలగకుండా, తెల్లగా పేరుకున్నాయి. కర్ర మాత్రం వంగలేదు. ఎవరో మోస్తున్నట్టే సాగుతోంది.

"అత్తయ్యా, అక్కడ..."

"చూశాలే" అంది అత్తయ్య. ముఖం సున్నంలా ఉంది. "కొడుక్కి ఇది కూడా ఇవ్వడు మీ మామ."

మా గుమ్మం ముందు విగ్రహం ఆగుతుంది. పంగల కర్రల మీద ఆనించి మోతగాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. గ్లాసుతో నీళ్లు పట్టుకుని మెట్లు దూకుతూ దిగాను.

"అమ్మాయ్, ఆడవాళ్లు ఇటు రాకూడదు!" చెన్సు అరిచాడు.

"మా ఆయనకి దాహం!"

"కొత్త పెళ్లాం కదరా, పోనీ" అని వెనకెవరో అన్నారు. అందరూ నవ్వారు.

మికీల్ నవ్వలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "స్టెల్లా, నాకు తగలట్లేదు. మునివేళ్ల మీద లేచినా కర్ర ఇంకా పైకి పోతోంది. రేపు నేను చొక్కా ఎలా విప్పను?"

వాడి కుడిపక్కన ఎవరూ లేరు. అక్కడ గాలి బావిలో గాలిలా చల్లగా ఉంది. సోంపు వాసన. గ్లాసు మికీల్ చేతిలో పెట్టాను. ఆ ఖాళీలోకి చూస్తూ మెల్లగా అన్నాను.

"మామయ్యా, ఇటివ్వండి. పడేస్తే పడేయనీండి."

మికీల్ నా వైపు చూశాడు. గ్లాసు ఖాళీ చేసి నాకిచ్చి, కర్ర కింద భుజం పెట్టాడు.

చెన్సు కర్ర మీద తట్టాడు. అందరూ లేచారు. ఒక్కసారిగా బరువు మికీల్ మీద పడింది. భుజంలో ఏదో పటుక్కుమన్న చప్పుడు నాకు వినబడింది. మోకాలు రాతికి తగలబోయింది. విగ్రహం పక్కకి ఒరిగింది. వీధంతా "అయ్యో" అంది. పౌలయ్యను పడేయించిన కోడలిగా నా పేరు ఈ ఊళ్లో నిలిచిపోతుందనుకున్నాను.

"నిలబడరా జారెన్ కొడకా!" చెన్సు గద్దించాడు.

నిలబడ్డాడు. పళ్లు బిగించి, ఒక్కో అడుగూ, గుడి మెట్ల దాకా మోశాడు. భుజం మీద కాగితాలు నలిగి ముద్దయ్యాయి.

మర్నాడు చొక్కా విప్పితే వంకాయ రంగులో గుప్పెడంత రొట్టె. చెన్సు బొటనవేలితో నొక్కితే మికీల్ కెవ్వుమన్నాడట. "మీ నాన్నకి రెండో ఏడుకి గానీ ఇంత పొంగలేదురా. వచ్చే ఏడు పెందలాడే రా" అన్నాడట చెన్సు. నేను బాదం అచ్చు కొనుక్కొచ్చి, ముక్క వాడి నోట్లో, ముక్క నా నోట్లో పెట్టుకుంటూ భుజానికి మంచు గడ్డ పెట్టాను. ఆ రొట్టెకి ముద్దు కూడా పెట్టాను. మళ్లీ అరిచాడు.

కిందికి వెళ్తే అత్తయ్య సారా గ్లాసు కడిగి బోర్లించేసింది.

"నిన్నటి నుంచి కుర్చీ కిర్రుమనలేదు. వీధిలో ఏమన్నావే ఆయన్ని?"

చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. "మంచిపనే చేశావు" అని కిటికీ వైపు తిరిగింది. నా మొగుడిని నిలబెట్టుకుని ఆమె మొగుడిని పంపేశానని మూడు రోజులు నాకు సరిగ్గా తిండి దిగలేదు.

నాలుగో రోజు సంతలో బంగాళాదుంపలు, ఒక కాలిఫ్లవరు కొన్నాను. ఐదు కిలోల పైనే ఉంటాయి. సంచీ పిడి వేళ్లు కోస్తోంది. మొదటి అంతస్తు దాటగానే కోత ఆగిపోయింది. సంచీ నా చేతిలో కాగితం ముక్కలా తేలింది. సోంపు వాసన వచ్చింది.

కేక వేయబోయి, మింగేసి, అత్తయ్య తలుపు బాదాను.

"అత్తయ్యా, ఈ సంచీ ఒక్కసారి పట్టుకోండి."

"నేనేమైనా నీ కూలీనా?" అంటూనే పట్టుకుంది. చెయ్యి గాల్లోకి లేచింది. నా ముఖం చూసింది, సంచీ చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా, మెట్లెక్కడం మొదలుపెట్టింది. మా తలుపు దాటింది. డాబా దాకా ఎక్కింది. అక్కడి నుంచి వీధి దాకా దిగింది. సంచీ దించకుండానే మళ్లీ ఎక్కింది.

ఆ పూట మా ఇంట్లో బంగాళాదుంపల కూర కాలేదు.