చివరి ఇద్దరు

పొక్లెయిన్ దెబ్బ పడగానే ఆమె ఇస్త్రీపెట్టెను దుప్పటి మీంచి పైకెత్తి పట్టుకుంది. చెయ్యి వణికితే బట్ట కాలుతుందని ఈమధ్య అలవాటు చేసుకున్న జాగ్రత్త అది. నెత్తిమీద మెట్లు అదిరాయి. మడతపెట్టిన బట్టల మీద సున్నం పొడి రాలింది. ఊది, తుడిచి, మళ్లీ దెబ్బ పడుతుందేమోనని చెవులు రిక్కించి నిలబడింది.

పక్క భవనాన్ని కూలగొడుతున్నారు. తరువాతిది ఇదే. అందరూ సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. వాళ్ల పిల్లల బడి బట్టల నుంచి పెళ్లి బట్టల దాకా ఈ మెట్ల కింది బల్ల మీదే మడతలు తీరాయి. మొగుడు వేసిన బల్ల. అతను పోయాక పెట్టె ఆమె చేతికొచ్చింది. ఇప్పుడామెకు మిగిలినవి వీధి చివరి లాడ్జి దుప్పట్లు, మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే టీచరమ్మ చీరలు.

పొద్దున తమ్ముడు ఫోన్లో కేకలేశాడు.

"బల్ల పోతే పోయింది, నువ్వొచ్చెయ్యక్కా!"

"టీచరమ్మ కదలనంటోందిరా. ముసలావిణ్ణి ఒక్కదాన్నీ వదిలేసి ఎలా రాను?"

బల్ల వెనక గోడ బీటవారింది. పొద్దున గోరు పట్టని సందులో మధ్యాహ్నానికి వేలు దూరింది. పుట్టలో పెట్టినట్టు వేలు చటుక్కున వెనక్కి లాక్కుంది. ఇక అక్కడ నిలబడలేక, చీరలు చంకలో పెట్టుకుని, గోడ తడుముకుంటూ మెట్లెక్కింది.

తలుపు తోస్తే తెరుచుకుంది. కుర్చీ ఖాళీగా ఉంది.

"టీచరమ్మా!"

"ఇక్కడున్నానే." భోజనాల బల్ల కింద, తలమీద దిండు అదిమిపట్టుకుని కూర్చుని ఉందావిడ.

"ఇదేంటమ్మా? నన్నెవడు కదిలిస్తాడో చూస్తానన్నారుగా?"

"అదంతా మేకపోతు గాంభీర్యమే! రాత్రిళ్లు కన్ను మూతపడితే ఒట్టు."

"మరి మీ చెల్లెలింటికి పోవచ్చుగా?"

"నేను పోతే ఇంత కొంపలో నువ్వొక్కదానివే అయిపోవూ? నీ బొగ్గుల వాసన పైకొస్తుంటే, పాపం, బల్ల వదల్లేక ఉందిలే అనుకున్నా."

"అయ్యో రాత! మీకోసమేనమ్మా నేనున్నది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు రాబోయింది. అంతలో ఇల్లు ఊగింది. గూట్లో గిన్నె కిందపడి, దొర్లి దొర్లి ఆగింది.

"లేవండమ్మా, పోదాం."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

మందుల సంచి ఒకరు, చీరల మూట ఒకరు పట్టుకున్నారు. మెట్లు దిగుతున్నంతసేపూ టీచరమ్మ గోళ్లు ఆమె మణికట్టులో దిగబడే ఉన్నాయి. కిందికొచ్చాక ఆమె నిప్పుల మీద నీళ్లు కుమ్మరించి, పెట్టె తీసుకుంది. బల్లవైపు చూడలేదు.

మర్నాడు తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని, రోడ్డుకు ఇవతలే ఆగిపోయింది. మెట్లు లేవు. బల్ల ఉన్న చోట రాళ్ల గుట్ట. ఆమె తమ్ముడి భుజం పట్టుకుంది. పైన, సగం మిగిలిన గోడలో టీచరమ్మ తలుపు ఒక్కటే నిలబడి ఉంది. వెనక గది లేదు. ఆ కంగారులో ఆవిడ ఎప్పుడు వేసిందో, గడియకు తాళం వేలాడుతోంది.