పైపులో అల్లుడు

ప్లంబరు దంపతులకు పిల్లల్లేరు. అయినా ఇల్లరికపు అల్లుడు మాత్రం దొరికాడు.

బట్టల తీగ కోసం ప్లంబరు పెరట్లో పాతిన పైపు పైకొస నుంచి ఒకరోజు బొటనవేలంత చెట్టుకప్ప తల బయటపెట్టింది. బట్టలు ఆరేస్తున్న అతని భార్య కెవ్వుమని ఒక అడుగు వెనక్కి వేసి, ఆ వెంటనే రెండడుగులు ముందుకు వేసింది. కప్ప వేళ్ళ చివర గుండ్రటి బొడిపెలు, ఒళ్ళంతా లేత చిగురు రంగు. ఎండెక్కితే బూడిద రంగుకు తిరిగేది. పగలంతా పైపులో ముడుచుకుని, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయల్దేరేది.

"పగలు నిద్ర, రాత్రి భోజనం, వానొస్తే పెద్ద గొంతేసుకుని అరవడం. అచ్చం ఇల్లరికపు అల్లుడే" అందామె. ఆ పేరే ఖాయమైపోయింది. చినుకు పడితే చాలు, పైపులోంచి అల్లుడి అరుపు వీధి చివరి దాకా వినిపించేది. "గొంతు నీ పైపుది, గొప్ప వాడిది" అని మొగుణ్ణి ఆటపట్టించేది.

ప్లంబరుకు కప్పతో పేచీ లేదు గానీ, తెరిచి ఉన్న పైపును చూస్తే చేతులు దురద పెట్టేవి. పైపు నోరు తెరిచి వదిలేసి ఇంటికి వెళ్ళకూడదని పని నేర్పిన మేస్త్రీ మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. అందుకే అతని చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు మూతలుండేవి. భార్య మాట కాదనలేక ఈ ఒక్క పైపు జోలికి పోలేదు.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఆమెకు ఊపిరందక ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. వాకిట్లో బండి ఆగి ఉంది. గ్యాసు కట్టేశాడు, ట్యాంకు వాల్వు తిప్పాడు, పెరట్లో కనిపించినవన్నీ మూశాడు. ఏం చేస్తున్నాడో అతనికే తెలీదు. మనసు అప్పటికే బండిలో కూర్చుంది. చేతులు మాత్రం నలభై ఏళ్ళ అలవాటు ప్రకారం వాటి పని అవి చేసుకుపోయాయి.

పన్నెండో రోజున డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచాడు. "ఇంటికి తీసుకెళ్ళండి. మేం చెయ్యగలిగింది ఇంకేం లేదు. ఈ వానాకాలం దాటడం కష్టం."

ప్లంబరు లోపలికొచ్చి, చెవి వెనక గోక్కుంటూ, "తగ్గుముఖం పట్టిందట" అని భార్యకు చెప్పాడు.

ఇంటికొచ్చి మంచం మీద వాలగానే ఆమె అడిగిన మొదటి మాట, "అల్లుడు ఎలా ఉన్నాడో చూసి రావయ్యా."

పెరట్లోకి వెళ్ళిన ప్లంబరుకు పైపు నెత్తిన బిగించిన మూత కనబడింది. మూత తీసి టార్చి వేశాడు. ఎండిన చింతతొక్కలా, పైకొస దగ్గరే పైపుకు అతుక్కుని ఉంది కప్ప. చివరి దాకా మూత దగ్గరే పాకులాడినట్టుంది. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. దాన్ని తీసి గోడ వారన పూడ్చాడు. ఖాళీ పైపును చూడలేక మళ్ళీ మూత పెట్టేశాడు.

"ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడు? హాయిగా పడుకున్నాడు."

ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి వంద ఆడాలంటారు. ఆమె రోజూ అడిగేది, అతను రోజూ చెప్పేవాడు. అల్లుడు ఒళ్ళు చేశాడన్నాడు. బద్ధకం పెరిగిందన్నాడు. ఈలోగా వానలు మొదలయ్యాయి.

ఒక మధ్యాహ్నం చినుకుల చప్పుడు వింటూ ఆమె అంది, "నిన్నా వానే, మొన్నా వానే. వాడిది ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"గొంతు పట్టేసి ఉంటుందిలే."

ఆమె నవ్వబోయింది గానీ దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అతని చెయ్యి పట్టుకుంది. "అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు చెవి వెనక గోక్కుంటావు. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నా. ఇప్పుడూ గోక్కున్నావు. నాకు తగ్గుతోందని చెప్పావు చూడు, ఆసుపత్రిలో, అప్పుడూ గోక్కున్నావు."

ప్లంబరు మంచం పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనే మూత పెట్టేశానే. ఈ చేత్తోనే."

"డాక్టరేమన్నాడు?"

"ఈ వానాకాలం దాటడం కష్టమన్నాడు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "పాపం, లోపల ఎంత ఉక్కిరిబిక్కిరి అయ్యాడో" అని కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు ఎవరి కోసమో అతను అడగలేదు.

"వెళ్ళి ఆ మూత తీసెయ్యి. ఇంకోడెవడైనా వస్తాడేమో. వానలు ఇప్పుడేగా మొదలయ్యాయి" అంది.

తడుస్తూనే వెళ్ళి మూత తీశాడు. తిరిగొచ్చి పెరటి తలుపు వెయ్యబోతుంటే లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది.

"అదీ తెరిచే ఉంచవయ్యా. వాడొస్తే నాకు వినపడొద్దూ?"